మూడొందల లెన్సు సాక్ష్యం

మార్టూరులో సిద్దికా పేరెత్తితే ముందు కెమెరా స్టాండు సంగతి చెబుతారు, ఫోటోల సంగతి ఆ తర్వాతే. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ పీకలదాకా తాగొచ్చి, ఫోటో దిగే వంకతో పెళ్ళికూతురి చెల్లెలి నడుం మీద చెయ్యేశాడు. సిద్దికా స్టాండు మూడు కాళ్ళూ దగ్గరికి మడిచి, ఆ చేతి మీద ఒక్కటే దెబ్బ వేసింది. సన్నాయి ఆగిన సందులో ఎముక విరిగిన చప్పుడు పందిరంతా విన్నదట. మగపెళ్ళివారు మీదికొచ్చారు, ఆమె స్టాండు దించితేనా! ఆల్బం మాత్రం చెప్పిన రోజుకి అందించింది. చేతికి కట్టుతో మేనమామ మొహం మాడ్చుకుని కూర్చున్న ఫోటో కూడా అందులో పెట్టింది. అదీ ఆవిడగారి వరస.

ఆ కోపం గాల్లోంచి ఊడిపడింది కాదు. తండ్రి అమానుల్లాకి బస్టాండు ఎదురుగా ఫోటో స్టూడియో ఉండేది. మనిషి మహా మెత్తన, గట్టిగా దగ్గడానిక్కూడా మొహమాటపడేవాడు. ఒకసారి గ్రానైటు క్వారీలో పేలుడు మందు ముందుగా పేలి కూలీలు చచ్చిపోతే, పోలీసులు పిలిచారని వెళ్ళి శవాల ఫోటోలు తీశాడు. ఆ సాయంత్రం క్వారీ మనుషులు స్టూడియోలో జొరబడ్డారు. ఆయన్ని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టారు. ఫిల్ము కెమెరాని నేలకేసి బాదారు. బల్ల కింద నక్కిన పదేళ్ళ సిద్దికా తన అబ్బా ముక్కులోంచి నెత్తురు కారడం కళ్ళారా చూసింది. ఆయన తిరిగి ఒక్క మాట అనలేదు, అదే ఆమెకి ఇప్పటికీ మింగుడుపడదు. కెమెరా ముక్కలైంది గానీ బీరువాలో దాచిన లెన్సులకి గీత కూడా పడలేదు.

అబ్బా పోయాక స్టూడియో ఆమె చేతికొచ్చింది. విజయవాడలో పాత సామాన్లమ్మే కొట్టులో, ఎవరో వాడి వదిలించుకున్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి కొనుక్కొచ్చింది. అరచేతిలో ఇమిడేంత బుల్లి కెమెరా, లోపల బొమ్మని పట్టే సెన్సారు బొటనవేలి గోరంత. దానికి లెన్సు లేదు. బీరువా నిండా లెన్సులున్నాయి గానీ ఒక్కటీ దాని మూతికి పట్టదు. పాత కెమెరాల లోపల అద్దం ఉండేది, ఆ అద్దం లేచి పడడానికి చోటుండేది. కొత్తదాంట్లో అద్దమూ లేదు, ఆ చోటూ లేదు. కాబట్టి పాత లెన్సు పెట్టాలంటే ఆ చోటంత మందం ఉన్న రింగు మధ్యలో బిగించాలి. రింగు వెంట్రుకవాసి మందం ఎక్కువైందా, ఇక దూరంగా ఉన్నవన్నీ మసకే.

రాళ్ళు పాలిషు పట్టే మిల్లుల సందులో ఇమాం హుస్సేన్ అనే కుర్రాడికి లేతు మిషను ఉంది. మిల్లులకి కావలసిన బోల్టులూ బుష్షులూ కోసిస్తాడు. సిద్దికా వెళ్ళి అల్యూమినియం రింగు చెయ్యమంది. చేశాడు. ఆమె అక్కడే లెన్సు బిగించి వీధి చివర సెల్ టవర్ వైపు చూసింది. టవర్ కనపడ్డ పాపాన పోలేదు, అంతా మంచు. ఒళ్ళు మండి రింగు ఊడదీసి విసిరికొట్టింది. అది సరిగ్గా పోయి అతని నుదుట తగిలి చీరేసింది.

ఇమాం హుస్సేన్ నెత్తురు తుడుచుకుంటూ రింగు ఏరుకొచ్చాడు. "ఎంత తగ్గించాలో చెప్పి విసరొచ్చుగా, అమ్మాయ్" అన్నాడు.

ఆమెకి మొదట నవ్వొచ్చింది, ఆనక ఏడుపొచ్చింది. జీవితంలో తన కోపానికి ఎదురుదెబ్బ గానీ, పారిపోవడం గానీ కాకుండా వేరే జవాబొకటి ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలీదు. ఏడాది తిరక్కుండా నిఖా అయిపోయింది. నుదుటి మీద ఆ గీతని చూపించి, "ఇది మా ఆవిడ కట్నం" అని ఇమాం హుస్సేన్ అందరికీ చెప్పుకునేవాడు.

ఇక పట్టపగ్గాల్లేవు! కంటబడ్డ ప్రతి గాజుముక్కనీ ఆ బుల్లి కెమెరాకి తగిలించడమే. అబ్బా వాడిన యాభై మిల్లీమీటర్ల లెన్సు సరే. పత్తి మిల్లులో పీకేసిన సీసీ కెమెరా లెన్సు తెచ్చి పెడితే, ఫోటో నాలుగు మూలలూ నల్లబడి బావిలోంచి ఆకాశం చూసినట్టుండేది. మూతపడ్డ డేరా సినిమా ప్రొజెక్టరు లెన్సుని ఇమాం హుస్సేన్ ప్లాస్టిక్ గొట్టంలో దిగేసిచ్చాడు. దాంతో తీస్తే మనిషి మొహం నిలకడగా ఉండి, వెనకాల మిరపచేనంతా సుడి తిరిగేది. వాటన్నిటికీ ఒకటే తమాషా. లెన్సు ఎంత పెద్ద బొమ్మ ఇచ్చినా ఆ చిన్న సెన్సారు నడిమధ్య ముక్కనే పట్టుకుంటుంది. అంచులు పోతాయి, మధ్యది దగ్గరకొచ్చేస్తుంది. వంద లెన్సు రెండొందల పని చేస్తుంది. పెళ్ళికొడుకుని చిలకలూరిపేట రోడ్డు మీద నిలబెట్టి, తాను బాగా వెనక్కి పోయి పెద్ద లెన్సుతో కొడితే, ఎక్కడో ఉన్న కోటప్పకొండ వచ్చి అతగాడి భుజానికి ఆనుకునేది. ఆ ఫోటోలంటే జనం పడి చచ్చేవారు.

మూడొందల లెన్సు మాత్రం ఆమె పంతం కొద్దీ తెచ్చుకుంది. మార్టూరు పక్క పల్లెలో శివరాత్రి దాటాక తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఒంగోలు గిత్తల జత, వెనక ఇనప గొలుసుకి గ్రానైటు బండ, అటూ ఇటూ తాళ్ళు కట్టిన పొడుగాటి బరి. ఎవరి జత బండని ఎక్కువ దూరం లాగితే వాళ్ళు గెలిచినట్టు. ఎడ్లవాళ్ళకి ఫోటోల పిచ్చి జాస్తి, పెళ్ళాం ఫోటో లేకపోయినా గిత్త ఫోటో ఫ్రేము కట్టించుకుంటారు. అయితే ఆడమనిషి తాడు దాటి బరిలో అడుగు పెట్టకూడదని అక్కడి కమిటీ కట్టడి. చీర రెపరెపలకి గిత్తలు బెదురుతాయట! మగాళ్ళ లుంగీలు రెపరెపలాడితే ముచ్చటపడతాయి కాబోలు.

సిద్దికా వాళ్ళతో వాదించలేదు. గుంటూరులో మూసేస్తున్న స్టూడియోలోంచి మోచెయ్యంత పొడుగున్న మూడొందల లెన్సు తెచ్చి, మొగుడి చేత దానికీ రింగు చేయించి, బరి ఈ కొసన ట్రాక్టరు ట్రక్కు ఎక్కి నిలబడింది. ఆ బుల్లి కెమెరా మీద అది ఆరొందల లెన్సయి కూర్చుంది. బరి ఆ కొసన గిత్త ముక్కుతాడు మీద ఈగ వాలినా కనబడుతుంది. పాత లెన్సు కదా, లోపల వెలుతురొచ్చే కంత పూర్తిగా తెరిస్తే బొమ్మ మెత్తబడేది. అందుకని ఎండ మండుతుంటే ఆ కంతని చిన్నది చేసి పదకొండు అంకెకి బిగించేసేది. అప్పుడు ముందున్నదీ వెనకున్నదీ రెండూ కత్తిలా వచ్చేవి.

కొన్నేళ్ళు గడిచేసరికి, ముల్లుగర్రతో పొడిచాడనో, తోక కొరికాడనో గొడవ వచ్చినప్పుడల్లా కమిటీవాళ్ళు ట్రాక్టరు దగ్గరికే రావడం మొదలెట్టారు. సిద్దికా కెమెరా వెనక తెర మీద ఫోటో పెద్దది చేసి చూపించేది.

"నా కెమెరా ఉన్నది ఉన్నట్టు చూపిస్తది. ఇహ మీరూ మీరూ కొట్టుకు చావండి" అనేది దర్జాగా. బరిలోకి రానివ్వని మగాళ్ళంతా తన మాట కోసం మెడలు చాచుకుని నిలబడుతుంటే ఆమెకి లోపల ఎంత సంబరమో! ఆ సంబరమే కొంపముంచింది.

ఈ ఏడు తిరునాళ్ళ రోజు పొద్దున్నే ఆమెకి యలమందతో తగూ అయింది. యలమంద కౌలు రైతు. బరి ఆ కొస దాటాక ఒక బోదె కాలవ, దాని అవతల అతని మిరప కల్లం, నేలంతా పట్టాలు పరిచి ఎర్రగా కాయలు ఎండబోసి ఉంటాయి. సిద్దికా చూసుకోకుండా తన స్కూటీ తీసుకెళ్ళి ఆ పట్టాల మీద నిలబెట్టింది.

"కళ్ళు నెత్తికెక్కినాయా అమ్మాయ్? కాయల మీద బండి పెట్టావేంది?" అని అరిచాడు యలమంద.

"నీ కాయలకేమన్నా బంగారం పూత పూశావా? తీస్తాలే!" అంది సిద్దికా.

"తీస్తాలే కాదు, ముందు తియ్యి! సిగ్గులేని మనిషి!" అంటూ అతను స్కూటీని ఒక్క తోపు తోశాడు. బండి బోదెలో పడి అద్దం పగిలింది. చుట్టూ జనం నవ్వారు. మామూలుగా అయితే ఆమె స్టాండు మడిచేదే. పోటీ మొదలవుతోందని మైకులో పిలుస్తుంటే పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి ట్రాక్టరెక్కింది.

మధ్యాహ్నం అంకమ్మరావు జత బరిలోకొచ్చింది. అంకమ్మరావు ఆ ఊళ్ళో పెద్ద రైతు, అతని మాటకి ఎదురుండదు. నీటి వంతు దగ్గర ఒకప్పుడు అతనూ యలమందా పారలతో తలలు పగలగొట్టుకున్నవాళ్ళే, ఆ పగ ఇంకా చల్లారలేదు. గిత్తల్ని తోలేది అతని ఒక్కగానొక్క కొడుకు బాలు. పాతికేళ్ళు నిండని పిల్లాడు, మొలకి ఎర్ర తువ్వాలు బిగించి పాటలు పాడుకుంటూ దిగాడు. జత బండని ఆ కొసదాకా లాక్కుపోయి, వెనక్కి తిరిగి, సిద్దికా వైపు మొహం పెట్టింది. ఆమె మీట నొక్కుతూనే ఉంది.

ఉన్నట్టుండి కుడి గిత్త రంకె వేసి గాల్లోకి లేచింది. తల విదిలించుకుంటూ పక్కకి తిరిగి, తాడు పట్టుకున్న బాలుని కొమ్ముతో ఎత్తింది. పిల్లాడు గిత్త నెత్తి మీద ఒక్క క్షణం గుడ్డపేలికలా వేలాడి కిందపడ్డాడు. బండ అతని మీదుగా జరిగింది. నలుగురు మనుషులు గిత్తల ముక్కుతాళ్ళకి వేలాడి ఆపేసరికి నేలంతా నెత్తుటి బురద. బయటికొచ్చిన పేగుల్ని ఆ ఎర్ర తువ్వాలుతోనే లోపలికి అదిమి, బాలుని ఆటోలో పడేసి చిలకలూరిపేట ఆస్పత్రికి తోలారు.

కమిటీవాళ్ళు ట్రాక్టరు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. "అమ్మాయ్, చూపించు! గిత్త ఊరికే బెదరదు, ఎవడో ఏదో చేశాడు!"

సిద్దికా ఒక్కొక్క ఫోటోనీ పెద్దది చేస్తూ పోయింది. ఒకదాంట్లో గిత్త తల, తెల్లగా తిరిగిన కన్ను. ఆ కన్ను పక్కనే, జానెడు దూరంలో, చాచిన చెయ్యి. చేతిలోంచి ఎర్రగా ఏదో చిమ్ముతోంది. చేతి వెనక మొహం యలమందది. అంతా కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉంది.

పొద్దుటి మంట మొత్తం ఆమె గొంతులోకొచ్చేసింది. "కారం కొట్టాడు! యలమంద గిత్త కళ్ళల్లో కారం కొట్టాడు!" అని కేక పెట్టింది.

ఇంకేముంది! ఎవడో ఆ తెరని తన ఫోనుతో ఫోటో తీసి ఊరి గ్రూపుల్లో పడేశాడు. జనం ముల్లుగర్రలూ, గుంజలూ పీక్కుని కల్లం మీదికి పరుగుతీశారు. ముందు అంకమ్మరావు. ఆ యలమందకి కావాల్సిందే అనుకుంది సిద్దికా. ఆ మాట నిజంగానే అనుకుంది. పైగా చూద్దామని కెమెరా ఎత్తి కంటికి పెట్టుకుంది.

లెన్సులో గుంపు వీపులు కనబడ్డాయి. వాళ్ళ ముందే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో, దోసిళ్ళతో కాయలు ఎగజల్లుతున్న యలమంద. గుంపు పరిగెత్తుతోంది. పరిగెత్తుతూనే ఉంది. యలమంద మాత్రం వాళ్ళకి అందడం లేదు. కాళ్ళు ఆడుతున్నాయి గానీ అందరూ ఉన్నచోటే ఉన్నట్టున్నారు. గిత్త ఎగిరిన చోటు దాటారు, ఇంకా పరుగే. అప్పుడు ఒక్కొక్కడూ ఎగిరి దేన్నో దూకాడు.

సిద్దికా కెమెరా దించి ఉత్త కళ్ళతో చూసింది. గిత్త దగ్గర్నించి బోదె చాలా అవతల. బోదె దాటాక కల్లం. కల్లం నడిమధ్యలో యలమంద. అతని చెయ్యి కాదు కదా, అతను గిరాటేసిన రాయి కూడా గిత్తకి తగిలేది కాదు. కోటప్పకొండని తెచ్చి పెళ్ళికొడుకు భుజం మీద పెట్టిన లెన్సే యలమంద చేతిని తెచ్చి గిత్త కంట్లో పెట్టింది. కింద కాయలు మాగకుండా అతను ఎగజల్లుకుంటున్న మిరపకాయలే ఆమెకి కారం లాగా కనబడ్డాయి. పదకొండుకి బిగించబట్టి రెండూ ఒకేలా తేటగా వచ్చాయి. యా అల్లా, నా నోరు పడిపోనూ!

ట్రాక్టరు మీంచి దూకి, తాడు కింద దూరి, బరి మధ్యలోంచి పరిగెత్తింది. ఆపేవాడు లేడు.

ఆమె చేరేసరికి యలమందని బోదె ఇవతలకి ఈడ్చుకొచ్చారు. ఒక చెవి తెగి వేలాడుతోంది. "నేనేం చేశాన్రా? నేనేం చేశా?" అని అరుస్తున్నాడు. ఆ అరుపుకి జవాబుగా గుంజ దెబ్బ. భార్య నాగజ్యోతి అడ్డం పడితే జుట్టు పట్టి పక్కకి విసిరేశారు. ఇద్దరు అతన్ని వెల్లకిలా తొక్కిపట్టి, కల్లంలోంచి తెచ్చిన కాయల్ని గుప్పిళ్ళతో నలిపి అతని కళ్ళల్లో రుద్దారు. "గిత్తకి కొట్టావుగా! చూడు ఎట్టా ఉంటదో!" అతను అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు.

అంతలో అంకమ్మరావు ఫోను మోగింది. చెవిన పెట్టుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, "పిల్లోడు దారిలోనే పోయాడంట" అన్నాడు.

"గిత్తల్ని కట్టండి. ఈడి కాళ్ళ మీదుగా బండ లాగించండి" అన్నాడు.

ఒక్కడు కూడా కాదనలేదు. వేరేవాళ్ళ జతని తెచ్చి గొలుసు తగిలించారు. యలమందని బండ దారికి అడ్డంగా పడుకోబెట్టి, నలుగురు భుజాలు తొక్కిపట్టారు. సిద్దికా అంకమ్మరావు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అంకమ్మరావు గారూ, తప్పు చూశానండి! అతను బోదె అవతలున్నాడు. నా లెన్సు దూరాన్ని నొక్కేస్తదండి, వెనకున్నది ముందుకొచ్చినట్టు కనబడతది! కోటప్పకొండ ఫోటోలు చూళ్ళేదా మీరు? రండి, ట్రాక్టరెక్కి మీరే చూడండి!"

"కొండేందే? నా కొడుకు చచ్చాడే!" అని చెంప మీద చాచి కొట్టాడు.

ఆమె పడి లేచింది. "నీళ్ళు తాగేటప్పుడు గిన్నె దగ్గరగా..." అని ఏదో పోలిక చెప్పబోయింది, తనకే అర్థం కాలేదు. సెన్సారంది, లెన్సంది, అల్లా మీద ఒట్టంది. వినేదెవరు? "ఇందాక నువ్వేగా చెప్పింది!" అన్నాడొకడు. "యలమంద పెళ్ళాం కాళ్ళు పట్టుకునుంటది" అన్నాడింకొకడు. చర్నకోల ఛెళ్ళుమంది. గిత్తలు ముందుకి వంగాయి. గొలుసు బిగిసింది. బండ బెత్తెడు జరిగి, అడుగున ఇసక కరకరలాడింది. కళ్ళు కనపడని యలమంద ఆ చప్పుడు విని గావుకేక పెట్టాడు.

నిజం ఎంత మొత్తుకున్నా ఈ బండ ఆగదని సిద్దికాకి ఆ క్షణాన తెలిసిపోయింది. పక్కనే కామెంటరీ చెప్పే మంచె. ఒక్క అంగలో ఎక్కి, చెప్పేవాడి చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఆ ఫోటో దొంగది! నేనే చేశా!" అంది. నాలుగు దిక్కుల స్పీకర్లలోంచి ఆ మాట తిరునాళ్ళ మీద పడింది. "గ్రాఫిక్స్! యలమంద చెయ్యి తెచ్చి నేనే అతికించా! పొద్దున నా బండి అద్దం పగలగొట్టాడని కసితో చేశా! అంకమ్మరావు గారూ, మీ ఫ్లెక్సీలో మీ పక్కన సింహాన్ని నిలబెట్టింది ఎవరు? నేను కాదూ? సింహం వచ్చి మీ ఊళ్ళో నిలబడిందా? అట్టాగే ఇదీ!"

గిత్తలు ఆగాయి. చర్నకోల ఆగింది.

అంతసేపు అరిచినా ఎక్కని నిజం ఎక్కడ, నిమిషంలో ఎక్కిన ఈ అబద్ధం ఎక్కడ! సింహం ఫ్లెక్సీ అందరూ చూసిందే. స్కూటీ బోదెలో పడడం అందరూ చూసి నవ్విందే. ఫోటో తీసిన నిమిషానికే, ట్రాక్టరు మీద నిలబడి, కెమెరాలో చేతులూ కాళ్ళూ అతికించడం ఎవరి తరమూ కాదని ఆ గుంపులో ఒక్కడికీ తట్టలేదు. యలమందని తొక్కిపట్టిన కాళ్ళు పక్కకి జరిగాయి. అతను పాక్కుంటూ బండ దారిలోంచి బయటపడ్డాడు. నాగజ్యోతి బోదె నీళ్ళు దోసిట్లో తెచ్చి అతని మొహాన చల్లుతోంది. అదంతా సిద్దికా మంచె మీంచి చూసింది. తర్వాత ఆమెకి చూసే తీరిక దొరకలేదు.

కాళ్ళు పట్టి కిందికి లాగారు. మెడలో కెమెరా వారుతోనే ఈడ్చారు. ఎవరి కాలు ఎక్కడ తగిలిందో లెక్క లేదు. "దీని మాట నమ్మి మనిషిని చంపబోయాం గదరా!" అని వాళ్ళ కోపమంతా ఆమె మీదికి తిరిగింది. తమ చేతులకి అంటిన కారం వాళ్ళకి గుర్తులేదు. అంకమ్మరావు కెమెరాని బండ మీద పెట్టి ఇనప గడ్డపారతో కొట్టాడు. బుల్లి కెమెరా ఒక్క దెబ్బకే చితికింది, లోపలి కార్డూ పొడైంది. మూడొందల లెన్సుకి రెండు దెబ్బలు పట్టాయి. తర్వాత ఆమె కుడిచెయ్యి పట్టి అదే బండ మీద పెట్టించాడు.

"నా కొడుకు శవం మీద ఆటలాడతావా!" అన్నాడు. అలా అంటూ ఏడ్చాడు. ఏడుస్తూనే కొట్టాడు.

పోలీసు జీపు వచ్చేసరికి ఆమెకి తెలివి లేదు.

గిత్త సంగతి మర్నాడే తేలింది. పశువుల డాక్టరు వచ్చి చూస్తే, కాడికి దిగేసిన ఇనప చీల విరిగి గిత్త మెడలోకి వేలెడు లోతు దిగి ఉంది. ఆ పోటుకే అది ఎగిరింది. కారమూ లేదు, కుట్రా లేదు. యలమంద కడిగిన ముత్యమని ఊరంతా ఒప్పుకుంది, సిద్దికా దొంగదని ఊరంతా తేల్చింది. ఆస్పత్రి మంచం మీద ఆమె ఎస్సైకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వి, "మైకులో చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? ఏదో ఒకటి తేల్చుకో తల్లీ" అన్నాడు. చూపించడానికి కెమెరా లేదు, లెన్సు లేదు, గ్రూపుల్లో తిరిగే ఫోటో దొంగదని తనే మైకులో చెప్పింది. నమ్మింది ఇమాం హుస్సేన్ ఒక్కడే.

"నాకు రింగు మందం తెలుసు గదా, ఆ లెన్సు ఏం చేస్తదో నాకు తెలవదా!" అన్నాడు. ఆ మాటకి ఆమె గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది.

కుడిచేతి వేళ్ళు మూడు మళ్ళీ వంగలేదు. పెళ్ళిళ్ళకి పిలిచేవాళ్ళు లేరు. సందులో పిల్లలు కూడా 'గ్రాఫిక్స్ సిద్దికా' అని అరిచి పారిపోతున్నారు, స్టాండు మడవాలంటే ఆ చేతికి పట్టు లేదు. స్టూడియో మూసేసి మొగుడి లేతు దగ్గర కూర్చుని ఎడమచేత్తో బోల్టులు లెక్కపెట్టి సంచుల్లో పోస్తోంది. యలమందకి ఒక కన్ను పూర్తిగా పోయిందని తెలిసి ఒకసారి ఆ పల్లెకి వెళ్ళింది. బోదె దగ్గర నిలబడి జరిగింది చెప్పబోతే నాగజ్యోతి చీపురు తిరగేసింది. "మా ఆయన కాళ్ళ కోసం అబద్ధమాడావా? అబ్బో! కన్ను పీకి, కాళ్ళు నిలబెట్టానని చెప్పుకోవడానికొచ్చావా?" అంది. సిద్దికా వచ్చిన దారినే తిరిగింది. మొదటి కేక తనదే కదా.

మొన్న ఒక మధ్యాహ్నం యలమందే మార్టూరులో బస్సు దిగి, ఆ సందు పొడుగునా నడుచుకుంటూ వచ్చాడు. ఒక కంటికి నల్లద్దం, చేతిలో గిత్తల్ని తోలే కర్ర. తాగి ఉన్నాడు. లేతు ముందు నిలబడి, "ఏదే ఆ గ్రాఫిక్స్‌ది?" అన్నాడు.

సిద్దికా లేచి బయటికొచ్చింది.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. "బండి అద్దం కోసం నా కన్ను తీస్తావే! అద్దం కోసం!" అంటూ రెండోది నడుం మీద వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తిట్టుకి తిట్టు లేదు, చుట్టుపక్కల మిల్లుల వాళ్ళు పనులాపి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఇంతకుముందు ఆవిడని ఎవరైనా వేలితో తాకితే ఊరుకునేదా!

లోపల్నించి ఇమాం హుస్సేన్ ఇనప కడ్డీ తీసుకుని దూసుకొచ్చాడు. జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. సిద్దికా ఒక్క గెంతులో అతని ఛాతీకి అడ్డం పడి, వంగని వేళ్ళతోనే ఆ కడ్డీ పట్టుకుంది.

"కొట్టనీ, ఇమాం. ఆ కన్ను పోయింది నా నోటివల్లే" అంది. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. "అయినా చూడు, రెండు కాళ్ళ మీద నిలబడి కొడుతున్నాడు."

ఇమాం హుస్సేన్ అటు చూశాడు. యలమంద కాళ్ళు దూరంగా పెట్టి, నేలని గట్టిగా తన్నిపట్టి, మళ్ళీ కర్ర ఎత్తాడు.